శ్రీకాకుళంలో ఈత బట్టలెవరికమ్మా?

నేను రిటైరైన రోజున శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. "సిస్టరు గారు రోగుల పాలిట తల్లి" అని ఒకాయన మైకులో గొంతు బొంగురుపోయేలా చెప్పాడు. ఆయన నా గదికి పదకొండేళ్ళలో ఒక్కసారే వచ్చాడు, అదీ ఎక్స్‌రే గది అనుకుని. ఆ సభలో ఎవరూ చెప్పనివి ఇక్కడ రాస్తున్నాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయే పిల్లలకి పనికొస్తాయి. ఏ ఆసుపత్రో రాయను. రాస్తే గడియారం వెనక్కి అడుగుతారు.

పని ఏమిటో ముందు చెప్పేస్తాను. రొమ్ము క్యాన్సరుకి ఆపరేషను చేసి ఒక రొమ్ము తీసేసిన ఆడవాళ్ళుంటారు. ఆ ఖాళీ చోట బ్రాలో పెట్టుకునే సిలికాను ప్యాడు ఒకటుంటుంది. ఎవరికి ఏది సరిపోతుందో చూసి, తొడిగి, వాడకం నేర్పి ఇంటికి పంపాలి. ఇదేదో అలంకారం అనుకునేవాళ్ళు చాలామంది, డాక్టర్లతో సహా. ఒక పక్క బరువుండి రెండో పక్క లేకపోతే ఆరు నెలల్లో భుజం వంగిపోతుంది, మెడ పట్టేస్తుంది. నెత్తిన బిందె మోసే ఊళ్ళలో ఇది అలంకారం ఎలా అవుతుంది?

గడియ ముందు, అద్దం తర్వాత

ఈ పని నాకు ఇచ్చింది నేను బాగా చేస్తానని కాదు. "ఆవిడకి నోరుంది, మొహమాటం లేదు" అని మా పెద్ద డాక్టరు గారు నిర్ణయించారు. కత్తి పట్టడంలో ఆయనంతటివాడు మా వైపు లేడు, ఈ మాట ఒప్పుకోవాలి. కుట్టు స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఆ కుట్టు వెనకాల ఒక మనిషి ఉందన్న సంగతి మాత్రం ఆయనకి గుర్తుండేది కాదు. రౌండ్సులో కట్టు విప్పి చూసి "ఎక్సలెంట్" అనేవాడు. పాపం ఆ పేషెంటు తననే మెచ్చుకున్నాడనుకుని దణ్ణం పెట్టేది.

నాకిచ్చిన గదిలో అంతకుముందు విరిగిన వీల్‌చైర్లు ఉండేవి. తలుపుకి గడియ లేదు. నిలువుటద్దం కావాలని అడిగితే గడ్డం గీసుకునే అద్దం పంపారు. "ఇందులో ఏం కనబడుతుందండీ?" అంటే, "ఎంత చూడాలో అంత కనబడుతుంది" అన్నాడు స్టోర్సు ఆయన. మొదటి నెల నేను అద్దం కోసం కొట్లాడాను. తప్పు అదే. గడియ కోసం కొట్లాడాల్సింది. ఒక టీచరమ్మ జాకెట్టు విప్పిన సరిగ్గా ఆ నిమిషంలోనే ఒక వార్డుబాయ్ వీల్‌చైరు వెతుక్కుంటూ లోపలికొచ్చాడు. ఆవిడ మళ్ళీ నా గదికి రాలేదు. పిల్లలూ, మీకేది ఇవ్వకపోయినా ముందు గడియ పెట్టించుకోండి.

ఇక ప్యాడ్లు కొనడానికి ఒక కమిటీ వేశారు. అయిదుగురు మగవాళ్ళు. "లేడీ మెంబరు" ఒకావిడ ఉంది గానీ ఆ రోజు సెలవు. రెండు గంటలు కూర్చుని, టీ తాగి, అందరికీ ఒకే సైజు తెప్పించారు. రంగు చూస్తే మామిడిపువ్వు పసిమి కాదు, చామనఛాయ కాదు, అప్పుడే పుట్టిన పసిపిల్ల అరికాలి రంగు. మా జిల్లాలో ఎండలో వరి నాటే మనిషి ఆ రంగులో ఎక్కడుంటుంది? ఆ ప్యాడు తొడిగితే ఒకావిడ కిందికి చూసుకుని, "ఓలమ్మో, ఇది దొరసానిది కాదేటి?" అంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వాక ఆవిడ అదే పెట్టుకుని వెళ్ళింది, ఇంకోటి లేదు మరి.

"మీడియం ఇవ్వండి"

వచ్చేవాళ్ళలో సగం మంది తరఫున మొగుళ్ళే మాట్లాడేవారు. భార్య వరండాలో బెంచీ మీద ఉండేది, ఈయన లోపలికొచ్చి అద్దె ఇంటికి బేరమాడినట్టు కుర్చీ లాక్కునేవాడు.

"సైజు ఎంత?" అంటే, "మీడియం ఇవ్వండి" అనేవాడు.

"కుడా, ఎడమా?" అంటే ఆలోచనలో పడేవాడు. ఒకాయన, ముప్ఫయ్యేళ్ళ కాపరం, లేచి వరండాలోకి వెళ్ళి చూసొచ్చి చెప్పాడు. నేను ఆయన్ని వరండాలోనే కూర్చోబెట్టి ఆవిణ్ణి పిలిచాను. ఆ రోజునుంచీ నాదొకటే రూలు. లోపలికి పేషెంటు వస్తుంది, ఆవిడ రమ్మంటేనే ఇంకొకరు వస్తారు.

అలాగని మొగుళ్ళందర్నీ ఒక గాటన కట్టను. ఎచ్చెర్ల దగ్గర్నుంచి వచ్చిన ఒక రైతు, పెళ్ళాం చెప్తే లోపలికొచ్చి, ప్యాడు చేతిలో పట్టుకుని బరువు చూసి, "దీన్నెలా కడగాలో నాకు కూడా సెప్పండి సిస్టరు గారూ, దానికి సెయ్యి పైకి లేవట్లేదు" అన్నాడు. అలాంటాయన ఒక్కడొస్తే ఆ వారమంతా ఎవర్నీ కసిరేదాన్ని కాదు.

ఎంచడం ఎలాగో రెండు ముక్కల్లో చెప్తాను. కుట్టు పూర్తిగా మానాలి. అంతవరకూ మెత్తటి దూది ప్యాడే. ముందు బ్రా, తర్వాతే ప్యాడు. బ్రా సరిగ్గా లేకపోతే ఎంత మంచి ప్యాడైనా సాయంత్రానికి చంకలోకి చేరుతుంది. తొడిగాక అద్దంలో చూసి "బాగుంది" అనేసి పంపకండి. వంగమనండి, బిందె ఎత్తమనండి, పీట మీద కూర్చుని కూర తరిగినట్టు చెయ్యమనండి. మనవాళ్ళు బొమ్మల్లా నిలబడి బతకరు.

ఇంకోటి పిన్నీసు. కంపెనీ పుస్తకంలో ఎక్కడా ఉండదు ఇది. మన ఆడవాళ్ళు పైట జారకుండా జాకెట్టుకి పిన్నీసు పెడతారు, చేతికి అలవాటు. ఆ పిన్నీసు సూటిగా సిలికాన్లోకి దిగుతుంది. దిగినా నొప్పి తెలీదు కదా! పదిహేను రోజులకి అందులోది జిగురులా కారి జాకెట్టు తడిసేది, పుండు తిరగబెట్టిందని గుండెలు బాదుకుంటూ వచ్చేవారు. మొదటి ముగ్గుర్నీ నేనే కంగారుపడి పెద్ద డాక్టరు దగ్గరికి పరిగెత్తించాను. నాలుగో ఆవిడ పైటకే పిన్నీసు వేలాడుతుంటే అప్పుడు వెలిగింది నాకు.

నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను

ఒకసారి కంపెనీవాళ్ళు శాంపిలు పెట్టె ఒకటి పంపారు. విప్పితే ఈత బట్టలు. లోపల ప్యాడు పెట్టుకోవడానికి జేబు కుట్టి ఉంది. వాటితోపాటు నీళ్ళలో వాడే ప్యాడ్లు మూడు సైజులవి, గంజి పేరుకున్నట్టు తెల్లగా పారదర్శకంగా, వెనకవైపు బోలుగా, నీళ్ళు నిలవకుండా జారిపోయేటట్టు. పైన బొమ్మల పుస్తకం. నీలం నీళ్ళ పక్కన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న దొరసానులు.

ఆఫీసంతా మూగిపోయింది. క్లర్కు ఒకడు ఆ బట్ట తన చొక్కా మీద పెట్టుకుని నడిచి చూపించాడు. పెద్ద డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని, "శ్రీకాకుళంలో ఈత బట్టలెవరికమ్మా?" అన్నారు. కిటికీలోంచి నాగావళి కనబడుతోంది. గంట ప్రయాణం చేస్తే సముద్రం. జిల్లా పొడుగునా సముద్రమే. అయినా ఆ ప్రశ్న ఎవరికీ తప్పుగా వినబళ్ళేదు. అందరూ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. పెట్టె బీరువా పైకెక్కింది. రెండేళ్ళు అక్కడే ఉంది.

పోలమ్మ

పోలమ్మప్పది (అక్కని మా వైపు అప్ప అంటాం) సముద్రం పక్క పల్లె. యాభై ఎనిమిదేళ్ళు, ఎత్తైన మనిషి, గొంతు విప్పితే రెండు వార్డులు లేచి కూర్చునేవి. ఎడమ రొమ్ము తీసేశారు. మూడు నెలలకి నా గదికొచ్చింది.

"ఏం పని చేస్తావప్పా?" అన్నాను.

"సేపల పనమ్మా."

నేను రాసుకున్నాను: చేపలు అమ్మును. అరసవల్లి రోడ్డులో గంప ముందు పెట్టుకుని కూర్చునేవాళ్ళని రోజూ చూస్తాను కదా, అలాగే అనుకున్నాను. అమ్మే చేప ఎక్కణ్ణుంచి వస్తుందో, దాన్ని ఎవరు ఎలా తెచ్చుకుంటారో అడగలేదు. ఇంత సర్వీసులో నేను చేసిన తప్పుల్లో పెద్దది ఈ ప్రశ్న అడక్కపోవడం.

ఆవిడ సైజు సిలికాను ప్యాడు స్టాకులో లేదు. కమిటీ ధర్మమా అని అన్నీ ఒకే సైజు కదా. దానికి నేనొక ఉపాయం కనిపెట్టి అప్పటికే పేరు తెచ్చుకున్నాను. మెత్తటి పాత చీర గుడ్డతో సంచీ కుట్టి, దూదితోపాటు బరువుకి చోళ్ళు పోసేదాన్ని. రాగుల్ని మా వైపు చోళ్ళంటాం. సన్నటి గింజ, గుచ్చుకోదు, ఒంటి వాటం ప్రకారం సర్దుకుంటుంది. పెద్ద డాక్టరు గారు దాన్ని ఒక మీటింగులో చేత్తో పట్టుకుని చూపించి "స్థానిక వనరులు" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను ఆ నెలంతా నేల మీద నడవలేదు.

పోలమ్మప్పకి అదే ఇచ్చాను. తొడిగి వంగమన్నాను, గంప ఎత్తమన్నాను. బ్రహ్మాండంగా ఉంది. "జాకెట్లో సుట్ట, అగ్గిపెట్టె పెట్టుకుంటే నిలబడతన్నాదమ్మా. ఇన్నాళ్ళూ జారి బొడ్లోకి పోయీది" అని మురిసిపోయి వెళ్ళింది.

పది రోజులకి తిరిగొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. కొంగున కట్టిన మూట విప్పి నా టేబులు మీద పెట్టింది. చిరిగిన సంచీ, అందులో మొలకలొచ్చిన చోళ్ళు.

"నీళ్ళలో దిగావా అప్పా?" అన్నాను వెర్రిదానిలా.

"దిగకపోతే సేపలెలాగొస్తాయమ్మా? పడవ నా గుమ్మంలోకొస్తాదా?"

అప్పుడు చెప్పింది. వాళ్ళ పల్లెలో పద్ధతి ఒకటుంది. పడవ తీరానికి రాకముందే ఆడవాళ్ళు నడుం లోతు నీళ్ళలోకి ఎదురెళ్తారు. ఎవరి గంప ముందు పడవ అంచున పడితే బేరం వాళ్ళది. మిగతావాళ్ళు వాళ్ళ దగ్గర కొనుక్కోవాలి. పోలమ్మ అత్త ఒక పడవకి అలా ఎదురెళ్ళీ ఎదురెళ్ళీ, ఆ పడవ బేరం వాళ్ళింటిదేనని పేరు పడింది. ఆవిడ తర్వాత ముప్ఫయ్యేళ్ళుగా పోలమ్మ. నా సంచీ పెట్టుకుని దిగిన రోజు, రెండో కెరటానికే దూదీ చోళ్ళూ నీళ్ళు తాగి బరువెక్కాయి. బరువుకి సంచీ కిందికి లాగింది. పడవ అంచు పట్టుకుని పైకి లేచేసరికి కుట్టు తెగి, తడిచీర మీంచి గింజలు బొటబొటా రాలాయి. ఆడా మగా చూస్తుండగా.

"ఒకర్తి అన్నాది, పోలమ్మ ఒంటిమీద సోళ్ళు పండినాయే అని. అందరూ నవ్వినారు. నాను మళ్ళీ నీళ్ళలోకి దిగనేదు. పొడి ఇసకలో నిలబడి ఆళ్ళు ఒగ్గేసిన సన్నసేపలు ఏరుకుంతన్నాను."

నా కనిపెట్టుడికి చప్పట్లు కొట్టించుకున్నది నేను, నవ్వించుకున్నది ఆవిడ.

"పడవాడు కబురెట్టినాడు. అమాస ఎల్లిందాకా సూస్తాడంట. అప్పటికీ నాను దిగకపోతే ఆ పడవకి ఇంకోర్తి ఎదురెళ్తాది. అది పోతే నాకేటున్నాదమ్మా? ఆపరేసను సేసి పానం నిలబెట్టినారు, దణ్ణం. ఆ పానాన్ని ఎక్కడెట్టుకోవాలో సెప్పు."

అమావాస్యకి తొమ్మిది రోజులుంది.

బకెట్టూ, ఇటుకలూ

స్టూలెక్కి బీరువా మీద పెట్టె దించాను. దుమ్ము దులిపి ఈత బట్ట పట్టుకుంటే పోలమ్మప్ప అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటి, ఆడగుంటల గవునా? కాళ్ళకేటీ నేదు?"

"పైభాగం చూడప్పా. లోపల జేబుంది, ప్యాడు కదలదు. నీళ్ళు తాగదు, వెంటనే ఆరిపోతుంది."

"సేతులు?"

చేతులు లేవు. చేతుల్లేని జాకెట్టుతో ఆ వయసు మనిషి ఒడ్డుకి వెళ్ళదు, వెళ్ళమని చెప్పడానికి నేనెవర్ని? కొత్త రోడ్డు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న రమణమ్మని పిలిపించాను. నా బ్లౌజులన్నీ కుట్టేది ఆ అమ్మాయే. గడియ పెట్టి ముగ్గురం కూర్చున్నాం. రమణమ్మ కత్తెర తీసి, "కొయ్యమంటారా? కంపెనీ సరుకు" అని నా మొహం చూసింది. కొయ్యమన్నాను. నడుం దగ్గర కోసి కింది భాగం తీసేసింది. అందులోంచే బట్ట తీసి మోచేతి దాకా చేతులు అతికింది. ముందు హుక్కులు. చూస్తే నల్లటి జాకెట్టు, అంతే.

ప్యాడు ఎంచేటప్పుడు మాత్రం నేను నోరు మూసుకున్నాను. అది నాకు కొత్త. మూడు ప్యాడ్లూ ఆవిడ ముందు పెట్టాను. పెద్దది పెట్టుకుంది, తీసేసింది. "ఇది ముందే తోస్తాది." చిన్నది పెట్టుకుంది. "ఇది ఉన్నా నేనట్టే." మధ్యది పెట్టుకుని బాత్రూములోకి నడిచింది.

"పొయ్యమ్మా నీళ్ళు."

బకెట్టు ఎత్తి మీద కుమ్మరించాను. "అలా ముగ్గెట్టినట్టు పొయ్యకు, కెరటం అలాగుంటాదా?" అంది. రమణమ్మ ఎదురుగా నిలబడి బలంగా విసిరింది. నాలుగు బకెట్లు. ఉప్పునీళ్ళు ఎలా ఉంటాయో చూడాలని కంటీనులోంచి కల్లుప్పు తెప్పించి కలిపాం. తర్వాత గంపలో పన్నెండు ఇటుకలు పెట్టి నెత్తికెత్తాం. తడిచీరతో వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. గచ్చంతా నీళ్ళు. ప్యాడు ఇసుమంత కదల్లేదు. రాత్రి మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టమని, పిన్నీసు దగ్గరికి రానివ్వొద్దని చెప్పాను.

మర్నాడు నాకు మెమో వచ్చింది. ఆసుపత్రికి చెందిన ఈత దుస్తును అనుమతి లేకుండా ఎందుకు కత్తిరించారు, మిగిలిన భాగం ఎక్కడ ఉంది, రెండు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. రెండేళ్ళు బీరువా పైన ఎలకలకి పరుపుగా ఉంటే దాని అతీగతీ అడిగినవాడు లేడు. ఒక మనిషి ఒంటి మీదికి వెళ్ళేసరికి ఆస్తి అయిపోయింది. మిగిలిన భాగం, అంటే ఆ నడుం కింది ముక్క, కవర్లో పెట్టి సంజాయిషీకి జతచేసి పంపాను. మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు.

ఒడ్డు

అమావాస్యకి ముందురోజు దిగుతానని పోలమ్మప్ప కబురుపెడితే, సెలవు పెట్టి తెల్లారకుండానే బస్సెక్కాను. బకెట్టు నీళ్ళ సంగతి వేరు, సముద్రం వేరు. అక్కడ ప్యాడు జారితే తప్పు ఎక్కడుందో నా కళ్ళతో చూడాలి. రమణమ్మ చేత రెండో జాకెట్టు అయినా కుట్టించాలి. అందుకే వెళ్ళాను.

వెలుగొచ్చేసరికి ఒడ్డున పదిహేనుమంది ఆడవాళ్ళున్నారు. పోలమ్మప్ప వాళ్ళకి దూరంగా నిలబడింది. నేను దగ్గరికెళ్తే నా మొహం కూడా చూడలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వార్డులో మత్తుమందు ఇవ్వకముందు కూడా ఆవిణ్ణి అలా చూళ్ళేదు.

పడవ కనబడింది. ఆడవాళ్ళు దిగారు. ఆవిడ దిగలేదు.

"అప్పా!" అన్నాను.

"ఉండమ్మా" అని గంప ఎత్తుకుని దిగింది. మోకాళ్ళు, తొడలు, నడుం. ఒక పెద్ద కెరటం లేచి ఆవిడ మీద విరిగింది. మనిషి కనబళ్ళేదు. గంప మాత్రం పైన తేలుతోంది. నేను చెప్పులు వదిలేసి మోకాళ్ళ దాకా పరిగెత్తాను. గంప కింద తల లేచింది, ఉమ్మింది, తిట్టింది. నాలుగు అడుగులేసి, అవతలినుంచి వస్తున్న ఒకామె గంపని మోచేత్తో పక్కకి తోసి, తన గంప పడవ అంచున ధడేల్మని వేసింది.

గంప పక్కకి పోయిన ఆమె, ఆ రోజు చోళ్ళు పండాయన్న ఆవిడేనట, ఏదో అంది. నాకు వినబళ్ళేదు. పడవాడు పోలమ్మప్ప వైపు చూడకుండా, చూపు వల మీద పెట్టి, కవళ్ళ చేపలకి హెచ్చు రేటు చెప్పాడు. జబ్బుమనిషి, ఇప్పుడేం బేరమాడుతుందిలే అనుకున్నట్టున్నాడు.

"ఒరే, ఇటు సూసి సెప్పు" అంది ఆవిడ. ఆ గొంతు ఒడ్డు దాకా వినబడింది. "డాట్రు కోసింది నా రొమ్మురా, నోరు కాదు. సరైన రేటు సెప్పు."

పడవాడు తలెత్తి చూశాడు. "సరే మరి, నువ్వే సెప్పప్పా" అన్నాడు.

తర్వాతేముంది, అరగంట అరుపులే. కవళ్ళు, కానాగంతలు, ఒక గంప చాలక రెండోది. మిగతా ఆడవాళ్ళంతా ఆవిడ చుట్టూ చేరి "నాకు ఒగ్గు అప్పా, నాకు ఒగ్గు" అని మీద పడుతున్నారు. నేను తడిచీరతో ఇసకలో నిలబడి, ఎందుకో తెలీకుండా ఏడుస్తున్నాను. ఆవిడ నన్ను చూసి, "ఏటమ్మా అలా నిలబడిపోనావు? ఒక సెయ్యెయ్యి!" అని అరిచింది. వెళ్ళి గంప అందుకున్నాను. చేపల నీళ్ళు మోచేతుల మీదుగా కారి జాకెట్టులోకి పోయాయి.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఎవరూ కూర్చోలేదు. అంత కంపు కొడుతున్నాను. అరసవల్లి దగ్గరికొచ్చాక గుర్తొచ్చింది, నేను వెళ్ళింది ప్యాడు జారిందో లేదో చూడ్డానికి. చూడనే లేదు. ఆ ఒడ్డున ఇంకెవరూ కూడా చూడలేదు.